శిల్పానికి ఎలాంటి ఆర్గాన్ మిషను కొనాలి? ఎందుకు?

లోహంతో బొమ్మలు చేయడం మొదలుపెట్టినవాళ్లు, అందులోనూ ఫైన్ ఆర్ట్స్ కాలేజీ నుంచి అప్పుడే బయటికి వచ్చిన పిల్లలు, నన్ను తరచూ అడిగే మాట ఒకటుంది. "ఆర్గాన్ మిషను కొందామనుకుంటున్నాను సార్, ఎన్ని ఆంపియర్లది తీసుకోమంటారు?" పుస్తకాల్లో టిగ్ వెల్డింగ్ అని ఉండేదాన్నే మన షాపుల్లో ఆర్గాన్ వెల్డింగ్ అంటారు. ఊళ్లో స్టీలు రెయిలింగులు, గేట్లు చేసే ప్రతి షాపులోనూ అది ఉంటుంది. ఫోన్లో రెండు ముక్కల్లో జవాబు చెప్పడం నాకెప్పుడూ కుదరలేదు. అందుకే ఇక్కడ తీరిగ్గా చెబుతాను.

ముందు, ఆర్గానే ఎందుకు?

మామూలు రాడ్డు వెల్డింగులో రాడ్డే మంట, రాడ్డే లోహం. ఆర్క్ వెలిగిందంటే రాడ్డు కరిగి కారుతూనే ఉంటుంది, మీకు కావాలన్నా వద్దన్నా. సీవోటూ వెల్డింగులో తీగ దానంతటదే వస్తూ ఉంటుంది. ఆర్గాన్‌లో ఈ రెండూ విడిపోతాయి. ఒక చేతిలో టార్చి, అందులో టంగ్‌స్టన్ సూది. టంగ్‌స్టన్ కరగాలంటే 3,400 డిగ్రీల సెల్సియస్ దాటాలి కాబట్టి అది వేడినిస్తుంది తప్ప కరిగి పనిలో కలవదు. రెండో చేతిలో ఫిల్లర్ రాడ్డు. వేడి ఎంత, లోహం ఎంత అన్నది వేర్వేరుగా మీ చేతుల్లోనే ఉంటుంది. అసలు లోహమే కలపకుండా రెండు అంచులను వాటంతట అవే కరిగి కలిసిపోయేలా కూడా చేయవచ్చు. టార్చి చుట్టూ వచ్చే ఆర్గాన్ వాయువు గాలి తగలకుండా కాపు కాస్తుంది. అందుకే స్లాగ్ ఉండదు, చిట్లిన చుక్కలు ఉండవు, పొగ తక్కువ.

పొగ లేకపోవడంవల్ల కలిగే అసలు లాభం కంటికి. నల్లద్దంలోంచి చూస్తే ఆర్క్ పడ్డచోట ఆవగింజంత అద్దంలాంటి చుక్క ఏర్పడుతుంది. అది పెరిగి మిరియపు గింజంత అవుతుంది. రెండు రేకుల అంచులూ దాంట్లోకి వాలి, ఒక్క క్షణం తటపటాయించి, కలుస్తాయి. రాడ్డు మొన దాని అంచుకు తాకిస్తే చుక్క ఆ కొసను లోపలికి పీల్చుకుంటుంది. ఇదంతా స్పష్టంగా కనబడుతుంది. శిల్పికి ఇంతకంటే ఏం కావాలి? మట్టి బొమ్మ చేసేటప్పుడు బొటనవేలి కింద మట్టి కదలడం తెలిసినట్టే ఇక్కడ లోహం కదలడం తెలుస్తుంది.

నిజానికి వెల్డింగుతో శిల్పం చేయడం ఆర్గాన్‌తో మొదలు కాలేదు. స్పెయిన్ శిల్పి హూలియో గొన్సాలెస్ 1918లో పారిస్ దగ్గర రెనో కార్ల ఫ్యాక్టరీలో పనిచేస్తూ గ్యాస్ వెల్డింగు నేర్చుకున్నారు. 1928 నుంచి పికాసోకు లోహపు పనిలో చేయూతనిచ్చింది ఆయనే. అమెరికా శిల్పి డేవిడ్ స్మిత్ 1925 వేసవిలో స్టూడీబేకర్ కార్ల ఫ్యాక్టరీలో కూలికి చేరి ఈ పని పట్టుకున్నారు. ఆర్గాన్ వెల్డింగుకు మూలమైన పద్ధతి ఆ తర్వాతది. విమానాల్లో వాడే మెగ్నీషియంను అతకడానికి నార్త్‌రప్ విమాన కంపెనీలో రసెల్ మెరెడిత్ దాన్ని రూపొందించారు. 1942లో పేటెంటు వచ్చింది. అప్పుడు వాడిన వాయువు హీలియం.

ఈ చరిత్ర ఎందుకు చెప్పానంటే, ఆర్గాన్‌కు దగ్గరి చుట్టం గ్యాస్ వెల్డింగే. ఒక చేత మంట, ఒక చేత రాడ్డు, కంటి ముందు చుక్క. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలకు, రేడియేటర్లకు గ్యాస్ వెల్డింగు చేసిన పాత మేస్త్రీ ఎవరైనా దొరికితే ఆయన దగ్గర పది రోజులు కూర్చోండి. చేతులు రెండూ వేర్వేరుగా కదలడం అక్కడ అలవాటైతే ఆర్గాన్ సగం వచ్చేసినట్టే.

అందరికీ అవసరమా?

లేదు. ఈ మాట మిషన్లు అమ్మేవాళ్లు చెప్పరు కాబట్టి నేను చెబుతున్నాను. ఆర్గాన్‌కు శుభ్రత పిచ్చి. తుప్పు, నూనె, రంగు, గ్రీజు ఏది ఉన్నా చుక్క బుడగలు బుడగలుగా ఉడుకుతుంది, టంగ్‌స్టన్ మొన పాడవుతుంది. తెనాలి సూర్య శిల్పశాల పేరు మీరు వినే ఉంటారు. ఇనుప తుక్కుతో పెద్ద పెద్ద విగ్రహాలు చేస్తారు. 2021లో చేసిన 14 అడుగుల ప్రధాని మోదీ విగ్రహం దేశమంతా వార్తల్లోకి వచ్చింది. నట్లు, బోల్టులు, చైన్లు, గేరు చక్రాలతో బొమ్మలు కట్టాలనుకునేవాళ్లకు మామూలు రాడ్డు మిషనో సీవోటూ మిషనో సరిపోతుంది, త్వరగానూ అవుతుంది. ప్రతి నట్టునూ తళతళలాడేలా గ్రైండరు పట్టి ఆర్గాన్‌తో అతుకుతూ కూర్చుంటే ఏళ్లు పడుతుంది.

ఆర్గాన్ ఎవరికి కావాలంటే, పలచని రేకుతో పనిచేసేవాళ్లకు, స్టెయిన్‌లెస్ స్టీలు, అల్యూమినియం, రాగి, కంచు ముట్టుకునేవాళ్లకు, అతుకు కనబడకూడదనుకునేవాళ్లకు, లేదా అతుకే అందంగా కనబడాలనుకునేవాళ్లకు. మీరు ఈ కోవలో ఉంటే ముందుకు చదవండి. ఒక వెసులుబాటు కూడా ఉంది. ఇప్పుడొచ్చే డీసీ ఆర్గాన్ ఇన్వర్టర్లలో చాలావాటితో రాడ్డు వెల్డింగు కూడా చేసుకోవచ్చు. లోపలి అస్థిపంజరం రాడ్డుతో కట్టుకుని పైచర్మం ఆర్గాన్‌తో కుట్టుకోవచ్చు. నా బొమ్మలు ముప్పాతిక మూడు వంతులు ఇలాగే తయారవుతాయి.

ఎన్ని ఆంపియర్లు?

మిషను మీద పెద్ద అంకెలతో రాసి ఉండేది గరిష్ఠం. 160, 200, 250, 300. ఉక్కులో మోటు లెక్క ఏమిటంటే మిల్లీమీటరు మందానికి 40 ఆంపియర్లు. 2 మిల్లీమీటర్ల రేకుకు 80, 3 మిల్లీమీటర్ల పట్టీకి 120, 5 మిల్లీమీటర్ల ప్లేటుకు 200. శిల్పంలో 5 మిల్లీమీటర్లు దాటిన ప్లేటును ఒకే వరసలో పూర్తి లోతుకు అతకాల్సిన అవసరం ఎంత అరుదో మీ పని మీరే చూసుకుంటే తెలుస్తుంది. అంతకంటే మందమైతే అంచులు చెక్కి రెండు మూడు వరసలు వేసుకోవచ్చు. కాబట్టి గరిష్ఠం విషయంలో నా జవాబు చిన్నది: ఉక్కుకూ స్టెయిన్‌లెస్‌కూ 200 ఆంపియర్లు పుష్కలం.

అసలు చూడాల్సింది కనిష్ఠం. మిషను ఎంత పైకి వెళ్తుందని కాకుండా ఎంత కిందికి, ఎంత నిలకడగా దిగుతుందని అడగాలి. నాకిది ఒక కొరమీను నేర్పింది.

కొన్నేళ్ల కిందట పాత స్టీలు కంచాలు కొని, బొటనవేలి గోరంత పొలుసులు కత్తిరించి, ఆరడుగుల కొరమీను చేయడం మొదలుపెట్టాను. పొలుసు మందం ముప్పాతిక మిల్లీమీటరు కూడా లేదు. ఒక్కో పొలుసును మొదట్లో ఒక్క చుక్కతో కింది రేకుకు అంటించాలి, కొస గాల్లోకి లేచి ఉండాలి. నా దగ్గర అప్పుడు 250 ఆంపియర్ల మిషను ఉండేది, ధర ఎక్కువ పెట్టే కొన్నాను. 15 ఆంపియర్లకు తిప్పి బటన్ నొక్కితే ఠప్పున వెలిగి పొలుసులో చిల్లు. ఇంకోటి, మళ్లీ చిల్లు. చేతి తప్పనుకున్నాను. మూడు రోజులు, రెండు వందల పైచిలుకు పొలుసులు పోయాయి. తర్వాత తెలిసింది. కొన్ని మిషన్లు మీరు ఎంత తగ్గించి పెట్టినా వెలిగే క్షణంలో మాత్రం ఆర్క్ తప్పకుండా పట్టాలని ఎక్కువ కరెంటు తోస్తాయి. మందపు పైపుకు అది మేలే. పలచటి అంచుకు ఆ రెప్పపాటే చాలు. మిత్రుడి దగ్గర 160 ఆంపియర్ల చిన్న మిషను అరువు తెచ్చుకున్నాను. అది 5 ఆంపియర్ల దగ్గర కూడా దీపపు వత్తిలా నిలబడింది. మిగతా కొరమీను అంతా దానితోనే పూర్తయింది.

కాబట్టి షాపులో ఈ మూడింటిని అడగండి. కనిష్ఠ కరెంటు ఎంత, 5 లేదా 10 దగ్గర ఆర్క్ వణకకుండా ఉంటుందా, వెలిగేటప్పటి కరెంటును విడిగా తగ్గించుకునే వీలుందా. తక్కువ ఆంపియర్ల పనికి 2.4 మిల్లీమీటర్ల టంగ్‌స్టన్ పనికిరాదన్నది కూడా గుర్తుంచుకోండి. 1.6 గానీ 1 మిల్లీమీటరు గానీ పెట్టి, పెన్సిల్లా చెక్కి, సానరాయి గీతలు మొనవైపు నిలువుగా ఉండేలా అరగదీయాలి. అడ్డగీతలు పడితే ఆర్క్ పక్కలకు పరిగెడుతుంది. ఎర్ర రంగు కొస ఉన్న టంగ్‌స్టన్‌లో థోరియం ఉంటుంది, అది రేడియోధార్మిక పదార్థం. చెక్కేటప్పుడు దాని దుమ్ము పీల్చకూడదు. నీలం రంగు లాంథనం రకం ఏసీకీ డీసీకీ రెండింటికీ పనిచేస్తుంది, అదే కొనండి.

వెలిగించే పద్ధతి కూడా ముఖ్యమే. బాగా చవక మిషన్లలో టంగ్‌స్టన్‌ను అగ్గిపుల్లలా గీయాలి. బొమ్మ ముక్కు మీద గీత పడితే ఎవరు చెరుపుతారు? తాకించి ఎత్తే లిఫ్ట్ పద్ధతి కొంత నయం. తాకకుండానే నిప్పురవ్వ దూకి వెలిగే హైఫ్రీక్వెన్సీ పద్ధతి అన్నిటికంటే మేలు. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు మాత్రం డాక్టరును అడగకుండా వెల్డింగు దగ్గరికి వెళ్లకూడదు, హైఫ్రీక్వెన్సీ అయితే మరీనూ.

ఏసీ కూడా కావాలా?

అల్యూమినియం చేస్తారా లేదా, అంతే ప్రశ్న. అల్యూమినియం 660 డిగ్రీలకు కరుగుతుంది. దానిమీద ఎప్పుడూ ఉండే ఆక్సైడు పొర కరగాలంటే 2,000 డిగ్రీలు దాటాలి. లోపల అంతా పాయసమైపోయినా పైన తోలులా అలాగే ఉంటుంది. ఏసీలో కరెంటు దిశ మారుతూ ఉంటుంది కనుక ఒక దిశలో పొర చిట్లి తొలగిపోతుంది, ఇంకో దిశలో వేడి దిగుతుంది. ఏసీ, డీసీ రెండూ ఉన్న మిషను ధర డీసీ మిషనుకు దాదాపు రెట్టింపు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. "ఎప్పుడో ఒకప్పుడు అల్యూమినియం చేస్తానేమో" అనే ఊహకు అంత డబ్బు పెట్టొద్దు. ఆ మిగిలినదాన్ని మంచి టార్చికి, గ్యాసుకు, ముఖ్యంగా కంటికి ఖర్చు పెట్టండి.

ఉక్కు, స్టెయిన్‌లెస్, రాగి, కంచు అన్నీ డీసీతోనే అవుతాయి. పోతపోసిన కంచు విగ్రహాల ముక్కలు కలపడానికి సిలికాన్ కంచు రాడ్డు వాడతారు. రంగు ఎక్కించాక అతుకు తేడాగా కనబడకూడదంటే విగ్రహం పోసిన లోహంతోనే కడ్డీలు పోయించుకుని వాటినే రాడ్డుగా వాడటం ఇంకా మేలు. ఇత్తడి మాత్రం మొండిది. అందులోని జింకు 907 డిగ్రీలకే ఆవిరైపోయి తెల్లటి పొగ లేస్తుంది.

స్టెయిన్‌లెస్ గురించి ఒక ముచ్చట. అతుకు పక్కన గడ్డి రంగు, బంగారు రంగు, ఊదా, నీలం వరసగా తేలతాయి. అవి రంగులు కావు, వేడికి పెరిగిన ఆక్సైడు పొర మందాలు. వాటిని అలాగే ఉంచి నెమలి మెడలు, చేప వీపులు చేసినవాళ్లున్నారు, చాలా బాగుంటాయి. కానీ ఆ రంగు ఉన్నచోట తుప్పును ఆపే శక్తి తగ్గుతుంది. గదిలో ఉండే బొమ్మకు పరవాలేదు. విశాఖ బీచిలో పెట్టే బొమ్మకైతే ఆ రంగు తీసేయాలి, రేకు 304 కాకుండా 316 రకం తీసుకోవాలి. ఉప్పుగాలికి 304 మీద కొన్నాళ్లకే టీ మరకల్లాంటివి వస్తాయి.

కాలి పెడలా, చేతి బటనా?

ఫ్యాక్టరీ పద్ధతి నేర్చినవాళ్లంతా పెడల్ తప్పనిసరి అంటారు. బల్లమీద చేసే చిన్న పనికి అది నిజంగా వరం. కుట్టుమిషను తొక్కినట్టు పాదంతోనే వేడి పెంచుతూ తగ్గిస్తూ పోవచ్చు. కానీ ఆరడుగుల బొమ్మ చుట్టూ తిరుగుతూ, ఓసారి స్టూలెక్కి, ఓసారి నేలమీద పడుకుని వెల్డింగు చేసేవాడు కాలితో ఏం తొక్కుతాడు? అక్కడ టార్చి మీది బటనే గతి. అందుకని ఫోర్ టీ అనే సదుపాయం ఉండాలి. ఒకసారి నొక్కితే తక్కువ కరెంటుతో వెలుగుతుంది, వదిలితే అసలు కరెంటుకు చేరుతుంది, మళ్లీ నొక్కితే మెల్లగా దిగుతుంది, వదిలితే ఆరుతుంది. ఆ మెల్లగా దిగడం లేకపోతే ప్రతి అతుకు చివరా చిన్న గుంట పడుతుంది, గుంటలోంచే పగులు మొదలవుతుంది. ఆర్క్ ఆరాక కూడా కొన్ని సెకన్లు గ్యాస్ రావాలి, 10 ఆంపియర్లకు ఒక సెకను చొప్పున అనేది వాడుక లెక్క. చాలామంది ఆర్క్ ఆరగానే టార్చి లాగేస్తారు. ఎర్రగా ఉన్న టంగ్‌స్టన్‌కూ ఆరని చుక్కకూ గాలి తగిలి నల్లబడతాయి. చేయి అక్కడే ఉంచడం అలవాటు చేసుకోండి.

మిషనుతో వచ్చే టార్చి తరచూ లావుపాటి 26వ నంబరుది. బొమ్మ చంకలోకి, వేళ్ల సందుల్లోకి అది దూరదు. సన్నటి 9 లేదా 17వ నంబరు టార్చి, మెడ వంగే రకం, మెత్తటి గొట్టంతో కొనుక్కుంటే పని సగం సులువు. గ్యాస్ లెన్స్ కూడా వేయించండి. వాయువు చెదరకుండా నిటారుగా దిగుతుంది కనుక టంగ్‌స్టన్‌ను కాస్త ఎక్కువ బయటికి చాచి మూలలకు అందించవచ్చు.

మన కరెంటుకు, మన ఎండకు తట్టుకుంటుందా?

కరెంటు గురించి అనవసరంగా భయపడతారు. 80 ఆంపియర్ల దగ్గర ఆర్క్ వోల్టేజి 13 చిల్లరే. అంటే ఆర్క్‌కు అయ్యేది కిలోవాటుకు కాస్త పైన, నష్టాలు కలుపుకున్నా 2 కిలోవాట్ల గీజరు కంటే తక్కువ. 200 ఆంపియర్ల దగ్గర రాడ్డు వెల్డింగుకు 28 వోల్టులు కావాలి, ఆర్గాన్‌కు 18 చాలు. ఇంటి సింగిల్ ఫేజు మీద చిన్న పని హాయిగా చేసుకోవచ్చు. పూర్తి 200 ఆంపియర్లతో పనిచేయాలంటే మాత్రం విడిగా వైరు లాగించుకోవాలి. సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు పెట్టొద్దు, ఎర్తింగు సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. సాయంత్రం వోల్టేజి పడిపోయే ఊరైతే ఎంత తక్కువ వోల్టేజి దాకా మిషను నడుస్తుందో అడిగి కొనండి.

ఎండ సంగతి. మిషను వెనక రేకు మీద ఎక్స్ అనే వరసలో శాతాలుంటాయి. 200 ఆంపియర్ల కింద 60 శాతం అని ఉంటే పది నిమిషాల్లో ఆరు నిమిషాలు ఆర్క్, నాలుగు నిమిషాలు విశ్రాంతి అని అర్థం. ఆ అంకె 40 డిగ్రీల వేడిలో తీసినదా అని అడగండి. కొన్ని చవక మిషన్లకు చల్లటి గదిలో తీసిన అంకె వేస్తారు. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం రేకుల షెడ్డు కింద అది సగానికి సగం పడిపోతుంది. శిల్పి ఎలాగూ రెండు చుక్కలు వేసి నాలుగడుగులు వెనక్కి వెళ్లి చూసుకుంటాడు కాబట్టి మరీ ఇబ్బంది కాదు.

ఇబ్బంది ఫ్యానుతో. ఎండకు ఫ్యాను పెడితే గ్యాస్ కొట్టుకుపోయి అతుకు బూడిద రంగుకు మారుతుంది. ఫ్యానును వీపువైపు, నేలబారున, పనికి గాలి తగలకుండా పెట్టండి. గది తలుపులు మూయొద్దు. ఆర్గాన్ గాలికంటే బరువు, వాసన లేదు. మూసిన గదిలోనో గుంటలోనో పేరుకుంటే ఊపిరికి ఆక్సిజన్ అందదు, ముందస్తు హెచ్చరిక ఉండదు.

గ్యాస్ ఖర్చు ఇలా వేసుకోండి. పెద్ద సిలిండరులో సుమారు 7 ఘనపు మీటర్లు ఉంటుంది. నిమిషానికి 8 లీటర్ల చొప్పున 14 గంటల ఆర్క్ వస్తుంది. గట్టిగా తిప్పితే అతుకు బాగుంటుందని 15, 20 లీటర్లు పెట్టేవాళ్లున్నారు. అంత వేగానికి వాయువు సుడి తిరిగి గాలిని కూడా లోపలికి లాగుతుంది. డబ్బూ పోతుంది, అతుకూ పోతుంది.

ఒంటి సంగతి

ఆర్గాన్ ఆర్క్‌లో పొగ అడ్డు లేదు కనుక అతినీలలోహిత కాంతి మరింత తీక్షణంగా తగులుతుంది. ఒక్క నిమిషం నల్లద్దం లేకుండా చూసినా రాత్రికి కళ్లలో ఇసుక పోసినట్టు ఉంటుంది. మన షాపుల్లో బంగాళదుంప ముక్కలు పెట్టుకుంటారు. దాన్ని నమ్ముకోకుండా కళ్ల డాక్టరుకు చూపించండి. దానంతటదే నల్లబడే హెల్మెట్ కొంటే తక్కువ ఆంపియర్ల ఆర్క్‌ను కూడా పసిగడుతుందో లేదో చూడండి. చవకవి 10 ఆంపియర్ల దగ్గర మిణుకుమిణుకుమంటాయి. మందపాటి నూలు చొక్కా, మెడదాకా గుండీలు.

జీఐ రేకు, పైపుల మీది జింకు పొగ పీలిస్తే సాయంత్రానికి చలిజ్వరం వస్తుంది. పాలు తాగితే చాలని మేస్త్రీలు అంటారు. ఊపిరితిత్తుల్లోకి పోయిన పొగను పాలు కడగలేవు. బైకుల సామాన్ల మీది మెరిసే క్రోమ్ పూత ఇంకా ప్రమాదం, అంచుల్లో పూర్తిగా గీకేయండి. అన్నిటికంటే ముఖ్యం, తుక్కును క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో తుడిచి వెల్డింగు చేయకండి. ఆర్క్ కాంతికీ వేడికీ అది ఫాస్జీన్‌గా మారుతుంది, అది యుద్ధాల్లో వాడిన విషవాయువు.

కొనే రోజున

సికింద్రాబాద్ రాణీగంజ్‌కు వెళ్లినా, మీ జిల్లా కేంద్రంలోని షాపుకు వెళ్లినా, కేటలాగు చూసి నిర్ణయించుకోకండి. మీ పనిలో వాడే రేకు ముక్కలే, అన్నిటికంటే పలచనివి, ఓ సంచిలో వేసుకెళ్లండి. మీ హెల్మెట్ కూడా. సిలిండరు బిగించి ఉన్న మిషను మీద 10 ఆంపియర్లకు తిప్పి మీ చేత్తోనే ఇరవై చుక్కలు వేయండి. ఇరవైకి పద్దెనిమిది చిల్లు పడకుండా నిలిస్తే ఆ మిషను మీ పనికి సరిపోతుంది. టార్చి విడిభాగాలు, బోర్డు రిపేరు మీ ఊళ్లోనే దొరుకుతాయా అని అడిగి, బిల్లు మీద వారంటీ రాయించుకోండి. షాపువాళ్లు వెలిగించి చూడనివ్వమంటే అక్కడ కొనకండి.